ఎర్ర లైటు వెలిగింది, ఇల్లు ఇంకో ఐదు కిలోమీటర్లే... పోనివ్వచ్చా?

ప్రశ్న: మా కారు కొని ఆరేళ్లయింది. నెల కిందట డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగులో కూలెంట్ లైటు వెలిగింది. బానెట్ ఎత్తి చూస్తే డబ్బాలో మినిమమ్ గీత కంటే కిందకి ఉంది. తెలిసినాయన ఒకరు చెప్పారని మామూలు నీళ్లు పోశాం, లైటు ఆరిపోయింది. పది రోజులకి మళ్లీ వెలిగింది, మళ్లీ పోశాం. మొన్న ఆదివారం పెద్ద రోడ్డు మీద వెళ్తుంటే ఈసారి ఎర్ర లైటు వెలిగి ఒకటే బీప్ మోత. ఇల్లు ఇంకో ఐదు కిలోమీటర్లే కదా, మెల్లగా పోనిద్దాం అని మావారు, వద్దు ఆపేద్దాం అని నేను. చివరికి పక్కకి ఆపాం. అరగంట ఆగి, ఉన్న నీళ్లు పోసుకుని ఇంటికి చేరాం. ఇప్పుడు టెంపరేచర్ ముల్లు మామూలుగానే ఉంది. ఆ రోజు ఎవరి మాట రైటు? ఇప్పుడు బండి వాడొచ్చా? మెకానిక్ దగ్గరికి వెళ్తే ఏం చూడమని అడగాలి? నాకు కార్ల గురించి పెద్దగా తెలియదు, మళ్లీ స్టీరింగ్ పట్టుకోవాలంటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆ రోజు మీ మాటే రైటు. ఎర్ర లైటు వెలిగాక ఐదు కిలోమీటర్లు కాదు, ఒక్క కిలోమీటరు కూడా ఎక్కువే. మెల్లగా పోతే ఇంజిన్ మీద భారం తగ్గుతుంది కదా అని మీవారికి అనిపించడం సహజం, చాలామందికి అలాగే అనిపిస్తుంది, ఒకప్పుడు నాకూ అలాగే అనిపించింది. చాలా ఏళ్ల కిందట, మా పాత కారులో, ఇంటి వీధి మలుపు కనిపిస్తుండగా ఎర్ర లైటు వెలిగింది. రెండు కిలోమీటర్లు కూడా లేదు. ఏసీ ఆపేసి నెమ్మదిగా తీసుకెళ్లి ఇంటి ముందు ఆపాను, హమ్మయ్య అనుకున్నాను. మర్నాడు బండి స్టార్టయితే అయింది గానీ వెనక నుంచి తెల్లటి పొగ. ఇంజిన్ పైన మూతలా ఉండే హెడ్ విప్పాక మెకానిక్ దాని మీద ఒక స్టీలు స్కేలు నిలబెట్టి, వెనక టార్చిలైటు పెట్టి చూపించాడు. స్కేలు కింద నుంచి వెలుతురు కనిపించింది, అంటే హెడ్ వంగిపోయిందన్నమాట. ఆ సన్నటి సందు, వెంట్రుక మందం అంత కూడా లేదు, దానికోసం ఇంజిన్ సగం విప్పాల్సి వచ్చింది, బండి మూడు వారాలు షెడ్డులో ఉంది. మీరు ఆపకపోయి ఉంటే మీకూ అదే జరిగేదని ఖాయంగా చెప్పలేను, కానీ జరిగే అవకాశం మాత్రం చాలా ఎక్కువ.

ఎందుకలా అవుతుందో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే లోపల జరిగేది అర్థమైతే ఆ భయం చాలావరకు పోతుంది, ఏ లైటుకి ఏం చేయాలో మీకే తోస్తుంది.

ఇంజిన్ లోపల సిలిండర్లో మండే మంట వేడి ఒక్క క్షణం 2000 డిగ్రీలు కూడా దాటుతుంది. ఆ మంట పైన మూతలా ఉండే హెడ్ ఇప్పటి కార్లలో దాదాపు అన్నిటిలో అల్యూమినియమే, అల్యూమినియం 660 డిగ్రీలకే కరిగిపోతుంది. మరి కరగకుండా ఎలా ఉంటోంది అంటే, మంట వచ్చి పోయేది క్షణంలో వందో వంతు కాలమే, ఆ వేడి లోహంలో పేరుకునేలోపే చుట్టూ సన్నటి దారుల్లో తిరుగుతున్న కూలెంట్ దాన్ని లాక్కుని పోతుంది. పోసిన పెట్రోలులోని శక్తిలో సుమారు మూడో వంతు ఇలా కూలెంట్ ద్వారానే బయటకి పోతుంది. వాటర్ పంపు దాన్ని తిప్పుతుంది, రేడియేటర్‌లో గాలి తగిలి చల్లారుతుంది, మళ్లీ ఇంజిన్‌లోకి వస్తుంది. మధ్యలో థర్మోస్టాట్ అని ఒక చిన్న తలుపు ఉంటుంది, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మూసుకుని ఉండి, చాలా బండ్లలో 82 నుంచి 95 డిగ్రీల మధ్య ఎక్కడో తెరుచుకుంటుంది.

ఈ తిరుగుడు ఆగిపోతే హెడ్ వేడెక్కి సాగుతుంది. కింద సిలిండర్లు ఉండే బ్లాకు పోత ఇనుముది అయితే అది అంతగా సాగదు. రెండూ బోల్టులతో బిగించి ఉన్నాయి కాబట్టి సాగడానికి చోటు లేక హెడ్ వంగుతుంది, మధ్యలో ఉన్న హెడ్ గ్యాస్కెట్ అనే పలుచటి పొర నలుగుతుంది. దీనికి గంటలు పట్టదు, నిమిషాలు చాలు. మెల్లగా పోనిచ్చినా ప్రతి చుట్టుకీ మంట మండుతూనే ఉంటుంది, పైగా నెమ్మదిగా పోతే రేడియేటర్‌కి తగిలే ఎదురుగాలి కూడా తక్కువ. అందుకే ‘మెల్లగా పోనిద్దాం’ అన్న ఉపాయం ఇక్కడ పనికిరాదు.

ఇప్పుడు లైట్ల సంగతి. నీటి అలల మీద థర్మామీటర్ నిలబెట్టినట్టు ఉండే గుర్తు దాదాపు అన్ని కార్లలో ఒకటే. అది నీలం రంగులో వెలిగితే ఇంజిన్ ఇంకా చల్లగా ఉందని, పొద్దున స్టార్ట్ చేసిన కొద్ది నిమిషాల్లో దానంతట అదే ఆరిపోతుంది, కంగారు అక్కర్లేదు. ఎర్రగా వెలిగితే వేడి హద్దు దాటిందని. పసుపు రంగులో వచ్చేది సాధారణంగా డబ్బాలో కూలెంట్ తగ్గిందని చెప్పే హెచ్చరిక, కొన్ని బండ్లలో దానికి వేరే బొమ్మ ఉంటుంది, కొన్నిటిలో అసలు లెవెల్ లైటే ఉండదు, ఇంకొన్నిటిలో లెవెల్ తగ్గినా ఎర్రగానే వెలుగుతుంది. మీ బండి మాన్యువల్‌లో ఆ ఒక్క పేజీ ఈ రాత్రే చూసుకోండి, ఐదు నిమిషాల పని.

పసుపు లైటుకి రోడ్డు మధ్యలో సడన్ బ్రేకు వేయక్కర్లేదు. ముల్లు మధ్యలోనే ఉంటే, సరైన చోటు చూసుకుని ఆపి, చల్లారాక డబ్బా చూడాలి. ఒక్కోసారి బండి ఏటవాలుగా నిలబడి ఉన్నా, లెవెల్ గీతకి కాస్త అటూ ఇటూగా ఉన్నా, చలి పొద్దుల్లో కూలెంట్ కుంచించుకుపోయినా, సెన్సర్‌కి మడ్డి పట్టినా కూడా అది వెలుగుతుంది. కానీ మీ కేసులో డబ్బా చూశారు, నిజంగానే తగ్గింది. సెన్సర్ తన పని సరిగ్గానే చేసింది, ఒకసారి కాదు రెండుసార్లు చేసింది.

ఇక్కడే మీకు గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. కూలెంట్ పెట్రోలులాగా ఖర్చయ్యేది కాదు. అది మూసి ఉన్న దారిలో తిరుగుతుంది, ఉన్నదే మళ్లీ మళ్లీ తిరుగుతుంది. ఏడాదికి కాస్త తగ్గిందంటే సరే, పది రోజులకోసారి మినిమమ్ కిందకి పోతోందంటే అది ఎక్కడో బయటికి పోతోంది, లేదా ఇంజిన్ లోపలికి పోతోంది. మూడో దారి లేదు. నీళ్లు పోస్తే లైటు ఆరింది, కానీ కన్నం అలాగే ఉంది. ఆ పసుపు లైటు వెలిగిన మొదటి వారంలో వెతికి ఉంటే బహుశా ఒక రబ్బరు పైపో, క్లిప్పో మార్చి ఊరుకునేవాళ్లు. ఇప్పటికీ అంతే కావచ్చు, ధైర్యంగా ఉండండి, కాకపోతే ఇక ఆలస్యం చేయొద్దు.

‘ఇప్పుడు ముల్లు మామూలుగానే ఉంది’ అని రాశారు. ఆ ముల్లుని మాత్రం నమ్ముకోకండి. రెండు కారణాలు. ఒకటి, ఇప్పటి కార్లలో ఆ ముల్లు అసలు వేడిని ఉన్నదున్నట్టు చూపించదు, సుమారు 80 డిగ్రీల నుంచి 105 దాకా ఎంత ఉన్నా మధ్యలోనే నిలబడేలా కంపెనీవాళ్లే పెడతారు, లేకపోతే ప్రతి ఎత్తు ఎక్కినప్పుడూ ముల్లు కదిలితే జనం కంగారుపడతారని. అంటే అది మధ్య దాటి కదిలిందంటే అప్పటికే పరిస్థితి చాలా దూరం వెళ్లిందన్నమాట. రెండోది ఇంకా ముఖ్యం. వేడిని కొలిచే సెన్సర్ కూలెంట్‌లో మునిగి ఉండాలి. కూలెంట్ బాగా తగ్గిపోయి ఆ చోట గాలి నిలిస్తే సెన్సర్ ఆ గాలి వేడినే చూపిస్తుంది, ఇంజిన్ ఒక పక్క మాడిపోతున్నా ముల్లు మామూలుగా ఉండొచ్చు, కిందకి పడిపోవచ్చు కూడా. లెవెల్ లైటు వెలిగి, ముల్లు అకస్మాత్తుగా చల్లదనం వైపు పడిపోయిందంటే అది మంచి వార్త కాదు, వెంటనే ఇంజిన్ ఆపేయాల్సిన వార్త. అలాగే హీటర్ వేసినప్పుడు ముల్లు వేడిగా చూపిస్తూ లోపలికి చల్లగాలి వస్తుంటే, కూలెంట్ హీటర్ దాకా రావట్లేదని అర్థం.

మళ్లీ ఎర్ర లైటు వెలిగితే (వెలగకూడదనే కోరుకుంటాను) ఏం చేయాలో మీ ఇద్దరూ ముందే మాట్లాడుకుని పెట్టుకోండి, ఆ క్షణంలో కారులో వాదన జరగకూడదు. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయండి, ఏసీ ఆపండి, హజార్డ్ లైట్లు వేయండి, భద్రంగా ఆపగలిగే మొదటి చోట పక్కకి ఆపి ఇంజిన్ ఆపేయండి. అక్కడిదాకా వెళ్లే ఆ కొన్ని సెకన్లలో హీటర్‌ని పూర్తి వేడిలో, ఫ్యాను పూర్తి స్పీడులో పెట్టండి. వింతగా అనిపిస్తుంది, ఇంజిన్ ఉడుకుతుంటే మనం లోపల ఇంకా వేడి పెట్టుకోవడమేంటని, కానీ హీటర్ అంటే ఒక చిన్న రేడియేటరే, ఇంజిన్ వేడిలో కొంత దాని గుండా బయటికొస్తుంది. కిటికీలు దించుకోండి. ఇది ఆగే చోటు దాకా మాత్రమే, ఇంటిదాకా కాదు. ట్రాఫిక్‌లో ఇరుక్కుని ముల్లు మధ్య దాటి పైకి పాకుతోంది, ఎర్ర లైటు ఇంకా రాలేదు అన్నప్పుడు కూడా ఈ ఉపాయం బాగా పనికొస్తుంది.

ఆపాక బానెట్ జోలికి వెంటనే పోవద్దు. సందుల్లోంచి ఆవిరి వస్తుంటే అసలు దగ్గరికే వెళ్లొద్దు, దూరంగా, రోడ్డు దిగి బండ్లు రాని చోట నిలబడండి. ఆవిరి తగ్గాక బానెట్ ఎత్తి వదిలేస్తే త్వరగా చల్లారుతుంది. ఇంజిన్ ఆపేసినా ఎలక్ట్రిక్ ఫ్యాను దానంతట అదే తిరగడం మొదలుపెట్టొచ్చు, వేళ్లు, చున్నీ, చీర కొంగు, వేలాడే తాడు ఏదీ అటు పోనివ్వకండి.

ఇక మూత. మీ ఉత్తరంలో నాకు గుండె ఝల్లుమన్న చోటు ‘అరగంట ఆగి నీళ్లు పోసుకుని’ అన్నదే. మీ ఇద్దరికీ ఏమీ కానందుకు సంతోషం, కానీ అరగంట చాలాసార్లు చాలదు. ఎందుకో చెప్తాను. మామూలు నీళ్లు 100 డిగ్రీలకి మరుగుతాయి. సగం నీళ్లు, సగం ఇథిలీన్ గ్లైకాల్ అనే రసాయనం కలిపిన కూలెంట్ సుమారు 107 దగ్గర మరుగుతుంది. దానికి తోడు ఆ మూత లోపల ఒక బార్ దరిదాపుల్లో ప్రెషర్ పట్టి ఉంచుతుంది, దాంతో మరిగే హద్దు ఇంకో ఇరవై డిగ్రీలు పైకి పోతుంది. అంటే లోపల 115 డిగ్రీల వేడితో, ఒక్క బుడగ కూడా లేకుండా ప్రశాంతంగా కనిపించే ద్రవం ఉందనుకోండి, మీరు మూత తిప్పగానే ప్రెషర్ పోతుంది, ఆ క్షణమే అది ఒక్కసారిగా మరిగి, ఆవిరితో కలిసి డబ్బాలోంచి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. చేతులు, ముఖం, కళ్లు కాలిపోయేది ఇలాగే. రబ్బరు పైపులు లావుగా ఉంటాయి, వాటిలో రేడియేటర్ పైభాగానికి వెళ్లే పైపుని బయటనుంచి గుడ్డతో జాగ్రత్తగా తాకి చూడండి, వేడిగా, గట్టిగా, ఉబ్బినట్టు ఉందంటే లోపల ఇంకా ప్రెషర్ ఉంది. గంట ఆగండి. ఆగాక కూడా మందపాటి గుడ్డ మడతపెట్టి మూత మీద వేసి, ముఖం పక్కకి తిప్పుకుని, పావు చుట్టు మాత్రమే తిప్పి, ‘స్‌స్’ అనే చప్పుడు పూర్తిగా ఆగేదాకా ఉండి, అప్పుడు తీయాలి. డబ్బా పారదర్శకంగా ఉంటే మూత తీయకుండానే లెవెల్ కనిపిస్తుంది, చూడ్డానికి మూత తీయాల్సిన పనే లేదు.

కాగుతున్న ఇంజిన్‌లో చల్లటి నీళ్లు గుమ్మరించడం కూడా అంతే ప్రమాదం, అంత వేడి లోహం ఒక్కసారి చల్లబడితే హెడ్డో బ్లాకో చిట్లిపోవచ్చు. చల్లారాక, కొద్దికొద్దిగా పోయాలి, మాక్సిమమ్ గీత దాటకూడదు, వేడెక్కితే అది వ్యాకోచిస్తుంది కాబట్టి పైన ఖాళీ ఉండాలి.

ఏం పోయాలి అన్నది మీరు అడగలేదు గానీ చెప్పాలి. మాన్యువల్‌లో రాసిన రకం కూలెంట్ మొదటి ఎంపిక. అది లేకపోతే డిస్టిల్డ్ వాటర్. రోడ్డు మీద ఏదీ దొరక్కపోతే తాగే నీళ్లు పోసి బండిని కాపాడుకోవచ్చు, తప్పేం లేదు, ఉప్పునీళ్లు మాత్రం పోయకూడదు. కాకపోతే నీళ్లు పోయడం ఆ పూటకే. మీరు మూడుసార్లు పోశారు, అంటే లోపల ఉన్న కూలెంట్ బాగా పలచబడిపోయి ఉంటుంది. పలచబడితే మరిగే హద్దు తగ్గుతుంది, తుప్పు పట్టకుండా కాపాడే మందుల బలం తగ్గుతుంది, మామూలు నీళ్లలోని ఖనిజాలు సన్నటి దారుల్లో పొరలా పేరుకుంటాయి, గడ్డకట్టే చలి ఉండే చోటైతే నీళ్లు మంచుగా మారి బ్లాకునే పగలగొట్టవచ్చు. అందుకే లీకేజీ బాగు చేశాక పైన కాస్త పోసి వదలకుండా మొత్తం వంపేసి, ఫ్లష్ చేయించి, కొత్తది నింపించండి.

రంగు చూసి కొనకండి. ఆకుపచ్చది ఆకుపచ్చలో, గులాబీది గులాబీలో పోస్తే చాలనుకుంటారు, కానీ రంగు అనేది తయారుచేసేవాడి ఇష్టం, దానికి అందరూ పాటించే నియమం లేదు. ఒకే రంగులో వేర్వేరు రసాయనాలు ఉంటాయి, పొత్తు కుదరనివి రెండు కలిస్తే చిక్కబడి మడ్డిలా తయారై రేడియేటర్‌ని మూసేసే ప్రమాదం ఉంది. డబ్బా మీద ‘కాన్సంట్రేట్’ అని ఉందా, ‘రెడీ టు యూజ్’ అని ఉందా కూడా చూడాలి. కాన్సంట్రేట్ అయితే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలపాలి, చిక్కగా ఉంటే ఇంకా మంచిదేమోనని అలాగే పోసేయకండి, నీళ్లు వేడిని మోసినంత బాగా గ్లైకాల్ మోయదు.

ఇంట్లో చిన్నపిల్లలు గానీ, కుక్క, పిల్లి గానీ ఉంటే ఈ ముక్క రెండుసార్లు చదవండి. ఇథిలీన్ గ్లైకాల్ విషం, దానికి తోడు తియ్యగా ఉంటుంది. కారు కింద మడుగు కట్టిన దాన్ని జంతువులు నాకుతాయి, కొద్దిగా తాగినా కిడ్నీలు పోయి చనిపోతాయి. కారినది వెంటనే తుడిచి బాగా కడగండి, మిగిలిన డబ్బా అందని చోట పెట్టండి, కూల్‌డ్రింక్ సీసాలో మాత్రం ఎప్పుడూ పోసి ఉంచకండి. ఎవరైనా తాగారని అనుమానం వచ్చినా సరే లక్షణాల కోసం ఎదురుచూడకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

బండి వాడొచ్చా అన్నారు. లీకేజీ ఎక్కడో తేలేదాకా వాడొద్దు. ఒకసారి ఎర్ర లైటు దాకా వెళ్లిన బండి కాబట్టి మెకానిక్‌ని ఇంటికే పిలిపించడమో, బండిని లాగించుకెళ్లడమో చేయండి. మీ ఇన్సూరెన్స్‌లో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉందేమో పాలసీ కాగితం తీసి చూసుకోండి, చాలామందికి ఉన్నా గుర్తుండదు.

ఈలోగా ఇంట్లోనే మీరు కొంత కనిపెట్టవచ్చు. రాత్రి పూట ఇంజిన్ కింద పెద్ద అట్టముక్క పరిచి ఉంచండి, పొద్దున దాని మీద మరక ఎక్కడ పడిందో చూస్తే పైన ఎక్కడ కారుతోందో తెలుస్తుంది. మరక రంగుగా, జిడ్డుగా, కాస్త తియ్యటి వాసనతో ఉంటే కూలెంట్. ఏ వాసనా లేని తేట నీళ్లయితే అది ఏసీ నుంచి వచ్చేది, ఏసీ వేసుకుని వచ్చి ఆపిన ప్రతి కారు కిందా ఉంటుంది, దాన్ని చూసి కంగారుపడకండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పైపుల మూలల్లో, క్లిప్పుల దగ్గర, రేడియేటర్ అంచుల్లో, వాటర్ పంపు కింద తెల్లగానో రంగుగానో ఉప్పు పేరుకున్నట్టు పొర ఉందేమో టార్చి వేసి చూడండి. కూలెంట్ కారి ఎండిపోతే అలా మరక కడుతుంది, వేడి ఇంజిన్ మీద పడింది నేల దాకా రాకుండానే ఆవిరైపోతుంది కాబట్టి చాలాసార్లు ఈ మరకే ఏకైక సాక్ష్యం. లోపల ముందు సీటు కాళ్ల దగ్గర కార్పెట్ తడిగా ఉందా, అద్దం లోపలివైపు జిడ్డుగా మసకబారుతోందా, అలాగైతే హీటర్ కోర్, అంటే పైన చెప్పిన ఆ చిన్న రేడియేటర్, కారుతున్నట్టు.

బయట ఎక్కడా కనిపించకపోతే లోపలి దారిని అనుమానించాలి. ఆయిల్ డిప్‌స్టిక్ (ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల) తీసి చూడండి, ఆయిల్ బురద రంగులో పాలు కలిసినట్టు ఉంటే బండి అసలు స్టార్ట్ చేయకండి. ఆయిల్ మూత లోపల మీగడలా కొద్దిగా పేరుకోవడం మాత్రం చలికాలంలో దగ్గరి దూరాలు తిరిగే బండ్లలో మామూలే, దాన్నొక్కదాన్నే పట్టుకుని హెడ్ గ్యాస్కెట్ పోయిందని తేల్చేయొద్దు. ఇంజిన్ బాగా వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో తెల్లటి పొగ ఆగకుండా రావడం, డబ్బాలో బుడగలు వస్తూనే ఉండడం, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాలకే పైన చెప్పిన లావుపాటి పైపు రాయిలా గట్టిపడడం, ఇవి కనిపిస్తే గ్యాస్కెట్ మీద అనుమానం బలపడుతుంది.

మెకానిక్ దగ్గర మీరు మొట్టమొదట అడగాల్సింది ప్రెషర్ టెస్ట్. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు డబ్బా మూత స్థానంలో ఒక చేతి పంపు బిగించి, మూత మీద రాసి ఉన్నంత ప్రెషర్ ఎక్కించి కాసేపు వదిలేస్తారు. ఆ పంపు మీదున్న ప్రెషర్ ముల్లు నిలబడితే బయటికి లీకేజీ లేదు, పడిపోతే ఎక్కడో కారుతోంది, ఎక్కడో అప్పుడు చాలాసార్లు కళ్లకే కనిపిస్తుంది. మూతని కూడా పరీక్షించమనండి, దాని స్ప్రింగు బలహీనపడితే ప్రెషర్ నిలవక కూలెంట్ ఆవిరై పోతూ ఉంటుంది, ఇంత చిన్న వస్తువు కోసం రేడియేటర్లు మార్పించుకున్నవాళ్లని చూశాను. ప్రెషర్ నిలబడినా కూలెంట్ తగ్గుతోందంటే అప్పుడు డబ్బా మీద పెట్టి చేసే గ్యాస్ పరీక్ష అడగండి. సిలిండర్లోని పొగ కూలెంట్‌లోకి వస్తుంటే ఆ పరికరంలోని నీలం ద్రవం పసుపుగా మారుతుంది. హెడ్ విప్పాలి అని ఎవరైనా అంటే, ఈ రెండు పరీక్షలూ చేశాకే ఒప్పుకోండి.

ఎర్ర లైటు ఎప్పుడు వచ్చిందో మెకానిక్‌కి మీరే చెప్పాలి, అది చాలా పనికొచ్చే సమాచారం. నిలబడి ఉన్నప్పుడు వేడెక్కి, కదిలితే తగ్గే బండికి ఫ్యానులోనో దాని ఫ్యూజు, రిలేలోనో తేడా ఉంటుంది. పెద్ద రోడ్డు మీద స్పీడులో వేడెక్కేదానికి కూలెంట్ తక్కువవడమో, రేడియేటర్ మూసుకుపోవడమో, థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకోకపోవడమో కారణం. మీది రెండో రకం, అందులోనూ కూలెంట్ తగ్గిందని ముందే తెలుసు కాబట్టి నా అంచనా లీకేజీయే. ఎర్ర లైటుతో పాటు బ్యాటరీ లైటు కూడా వెలిగిందా గుర్తుచేసుకోండి, చాలా బండ్లలో వాటర్ పంపుని, బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ని తిప్పేది ఒకే బెల్టు, అది తెగితే రెండూ ఆగిపోతాయి.

లీకేజీని లోపలి నుంచే మూసేస్తుందని చెప్పి ఒక మందు పోస్తామంటారు. నేనైతే వద్దంటాను. కన్నం మూయడంతో పాటు హీటర్ కోర్‌లోని, రేడియేటర్‌లోని సన్నటి గొట్టాల్ని కూడా మూసేసే ప్రమాదం ఉంది. రిపేరు అయ్యాక కొత్త కూలెంట్ నింపేటప్పుడు గాలి పూర్తిగా తీశారా అని అడగండి, లోపల గాలి బుడగ నిలిచిపోతే బాగు చేసిన మర్నాడే మళ్లీ వేడెక్కుతుంది, అప్పుడు రిపేరే సరిగ్గా కాలేదని మీరు అనుకుంటారు.

స్టీరింగ్ పట్టుకోవాలంటే టెన్షన్ అన్నారు కదా, బండి తిరిగొచ్చాక ఒక పని చేయండి. డబ్బా మీద ఇప్పుడున్న లెవెల్ దగ్గర మార్కర్‌తో గీత పెట్టి ఫొటో తీసుకోండి. రోజూ పొద్దున్నే, స్టార్ట్ చేయకముందు, బండి సమంగా ఉన్న చోట, ఒక్కసారి చూడండి. రెండు వారాల పాటు గీత దగ్గరే ఉంటే ఆ తర్వాత నెలకి ఒకసారి చూసినా చాలు. కిందకి దిగుతుంటే అదే రోజు మెకానిక్‌కి ఫోన్ చేయండి, పసుపు లైటు వెలిగేదాకా ఆగకండి.

ప్రెషర్ టెస్టులో ఏం తేలిందో నాకు తప్పకుండా రాయండి. అట్టముక్క మీద మరక పడితే దాని ఫొటో, బండి ముందు చక్రం ఎటువైపు ఉందో తెలిసేలా తీసి పంపితే, మెకానిక్ దగ్గరికి వెళ్లేలోపే ఎక్కడ చూడాలో నాకు తోచింది చెప్తాను.